బీన్స్‌కు బయోస్టిమ్యులెంట్: ఎప్పుడు కొట్టాలి, ఎలా కొట్టాలి, పనిచేసిందో లేదో ఎలా తేల్చుకోవాలి

"పూత బాగానే వచ్చింది, సగం రాలిపోయింది. ఇప్పుడు ఏ టానిక్ కొట్టమంటారు?" బీన్స్ వేసినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చిక్కంతా ఆ "ఇప్పుడు" అన్న మాటలోనే ఉంది. రాలిన పూతను మళ్లీ కొమ్మకు అతికించే మందు లేదు. పూత నిలవాలంటే బయోస్టిమ్యులెంట్, అంటే మీరు టానిక్ అనే ఈ మందు, పూతకు ముందే కొట్టాలి. పూత రాలాక కొట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అందుకే ఏ సీసా కొనాలన్న దానికంటే ఏ రోజు కొట్టాలి, ఎంత కొట్టాలి, ఫలితాన్ని ఎలా కొలవాలి అన్నవే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. పొద రకమైనా తీగ రకమైనా, పచ్చికాయ కోసం వేసినా గింజ కోసం వేసినా పద్ధతి దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క

ఆకు మీద కొట్టే బయోస్టిమ్యులెంట్లు అంటే సముద్రపు నాచు సారం, అమైనో ఆమ్లాలు, ఫల్విక్ ఆమ్లం (కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి వచ్చేది), కైటోసాన్ (రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసేది), గ్లైసిన్ బీటైన్ (నీటి ఎద్దడిని ఓర్చుకోవడానికి కొన్ని మొక్కలు తయారుచేసుకునే పదార్థం) లాంటివి. ఇవి ఎరువులూ కావు, పురుగుమందులూ కావు. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఎరువుల నిబంధనలు కూడా వీటిని లోపలున్న పోషకాలను బట్టి కాక, చేసే పనిని బట్టి నిర్వచించాయి. పోషకాలను మొక్క మరింత బాగా వాడుకునేలా చేయడం, ఎండ, చలి, నీటి ఎద్దడి లాంటివాటిని ఓర్చుకునేలా చేయడం, పంట నాణ్యత పెంచడం వీటి పని.

"ఇందులో నత్రజని 8 శాతం ఉంది, యూరియా తగ్గించవచ్చా?" అని అడుగుతారు. లెక్క వేయండి. ఎకరానికి 500 గ్రాముల మందు కొడితే అందులో 8 శాతం అంటే 40 గ్రాములు. బీన్స్ పంటకు నత్రజని కావలసింది కిలోల్లో. ఆ 40 గ్రాములు ఏ మూలకూ రావు. కాబట్టి ఎరువుల ప్రణాళికలో ఒక్క గ్రాము కూడా తగ్గించకండి.

కొనేముందు పొలంలోకి వెళ్లి చూడాల్సినవి

వేళ్లు బాగోకపోతే ఆకు మీద ఏం కొట్టినా నేల విడిచి సాము చేసినట్టే. ఓ ఐదారు మొక్కల్ని మట్టితో సహా తవ్వి తీయండి. లాగొద్దు, లాగితే బుడిపెలన్నీ మట్టిలోనే ఉండిపోతాయి. వేళ్ల మీద బుడిపెలు ఉన్నాయా? ఒకదాన్ని గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే అది నత్రజనిని స్థిరీకరిస్తున్నట్టు. తెల్లగా, ఆకుపచ్చగా, బూడిద రంగులో ఉంటే పని చేయడం లేదు. మామూలు బీన్స్ ఈ విషయంలో సోయా అంత చురుకైన పంట కాదు, బుడిపెలు తక్కువగా ఉండటం వింతేమీ కాదు. అలాంటప్పుడు నత్రజని కొరతను ఎరువుతోనే తీర్చాలి.

నేల పిడికిట్లో పట్టి నలిపితే పొడిపొడిగా రాలిపోతోందా? ముందు నీళ్లు పెట్టండి. ఆకుల మీద తుప్పు మచ్చలో, నీళ్లు నానినట్టుండే మచ్చలో కనిపిస్తున్నాయా? అది తెగులు. దానికి వేరే వైద్యం ఉంది, బయోస్టిమ్యులెంట్ పనికిరాదు.

ఏమేం కావాలి

- బయోస్టిమ్యులెంట్, ఒక్క రకం చాలు
- ట్యాంకు స్ప్రేయర్, కొత్త నాజిల్ లేదా శుభ్రంగా ఉన్న పాతది. వీలైతే సన్నని తుంపర ఇచ్చే శంఖాకారపు నాజిల్
- మి.లీ. గీతలున్న కొలపాత్ర. మూతతో కొలవడం మానేయండి
- పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) చూసే కాగితం పట్టీలు
- లోపల కనిపించే లీటరు సీసా
- కొలత టేపు, ఎనిమిది కర్రలు, రంగు గుడ్డ పీలికలు
- నోటు పుస్తకం, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు
- చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు. సహజమైనదే కదా అని వదిలేయకండి. కొన్ని నాచు సారాలను గాఢమైన క్షారంతో తీస్తారు, కంట్లో పడితే మండుతుంది

ఏది ఎంచుకోవాలి

మొదటిసారి వాడుతుంటే సముద్రపు నాచు సారంతో మొదలుపెట్టమంటాను. మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఆస్కోఫిల్లమ్ నోడోసమ్ అనే గోధుమ రంగు నాచు సారం. ఇది ఉత్తర అట్లాంటిక్ తీరాల్లోని రాళ్ల మీద పెరుగుతుంది. కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు సారం కూడా దొరుకుతుంది. లేబుల్ మీద నాచు పేరు, శాతం రెండూ ఉన్నదే తీసుకోండి. "సముద్ర శక్తి" లాంటి మాటలు మాత్రమే ఉండి పదార్థం పేరు లేకపోతే పక్కన పెట్టేయండి.

అమైనో ఆమ్లాలైతే మొక్కల ప్రొటీన్ నుంచి తీసినవి బీన్స్‌కు కాస్త భద్రం. జంతు ప్రొటీన్ నుంచి తీసినవాటిలో కొన్నిటికి ఉప్పు ఎక్కువ. మోతాదు మించినా, పదేపదే కొట్టినా లేత ఆకు దెబ్బతింటుంది. ఫల్విక్ లాగే కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లం ప్రధానంగా నేలకు ఇచ్చేది. ఆకు మీదకైతే చిన్న అణువులున్న ఫల్విక్ నయం. ఎండ గాలులు, నీటి ఎద్దడి ముందే తెలిసిన చోట గ్లైసిన్ బీటైన్ గురించి ఆలోచించవచ్చు.

అన్నీ కలిపి ఒకే సీసాలో పోసినవి కూడా అమ్ముతారు. వాడకూడదని కాదు గానీ, పంట బాగుంటే దేనివల్ల బాగుందో, మాడితే దేనివల్ల మాడిందో తెలియదు.

ఇక పని మొదలు

1. తేదీ చూసి కాదు, మొక్కను చూసి రోజు ఖాయం చేయండి

"విత్తిన ఎన్నో రోజు కొట్టాలి?" అంటే ఒక్క అంకె చెప్పలేను. రకాన్ని బట్టి, వేడిని బట్టి మారుతుంది. పొద రకాలు సాధారణంగా 30 నుంచి 45 రోజుల మధ్య మొగ్గ తొడుగుతాయి, తీగ రకాలు ఇంకా ఆలస్యం కావచ్చు. కాబట్టి మొక్కనే చూడండి.

మొదటి స్ప్రే: మూడాకుల జట్లు మూడు పూర్తిగా విప్పుకున్నాక. మొలకెత్తగానే ఎదురెదురుగా వచ్చే రెండు ఒంటి ఆకులను లెక్కలోకి తీసుకోకండి, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఇంతకంటే చిన్న మొక్క మీద కొడితే మందులో ఎక్కువ భాగం నేల మీదే పడుతుంది.

రెండో స్ప్రే: ఇదే అసలైనది. ఆకు కాడ మొదట్లో, కొమ్మ చీలిన చోట చేత్తో పక్కకు తీసి చూడండి. బియ్యపు గింజంత మొగ్గలు గుత్తిగా కనిపిస్తాయి, ఇంకా ఒక్కటి కూడా విచ్చుకుని ఉండదు. సగం మొక్కల్లో ఇలా కనిపించిన రోజు మీది. మహా అయితే మూడు నాలుగు రోజుల వెసులుబాటు ఉంటుంది.

మూడో స్ప్రే: మొదటి పిందెలు రెండు మూడు సెంటీమీటర్లు ఉన్నప్పుడు. ఇది తప్పనిసరి కాదు. తీగ రకాలకు, చాలా కోతలు కోసే పచ్చికాయ పంటకు ఉపయోగపడే అవకాశం ఎక్కువ. ఒక్కసారి పూసి ఆగిపోయే పొద రకానికి రెండు స్ప్రేలు చాలనుకుంటాను.

ఒక్క స్ప్రేకే డబ్బులున్నాయంటే రెండోదే చేయండి.

ఎందుకంటే బీన్స్ తాను నిలుపుకోగలిగినదానికంటే ఎక్కువ పూలు పూస్తుంది. ఏ ఇబ్బందీ లేకపోయినా కొన్ని రాలుతాయి, అది దాని నైజం. పగలు 30 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా వేడిగా ఉంటే పుప్పొడి దెబ్బతిని ఇంకా ఎక్కువ రాలుతాయి. ఆ పుప్పొడి తయారయ్యేది మొగ్గ దశలో. పూత కనిపించేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. వేడి వస్తోందని వాతావరణ సూచన చెబితే రెండు మూడు రోజుల ముందే కొట్టండి, వేడి మొదలయ్యాక కాదు.

2. నీళ్లు చూడండి

పీహెచ్ పట్టీ ముంచండి. 5.5 నుంచి 7 మధ్య ఉంటే నిశ్చింత. 8 దాటితే లేబుల్ అనుమతించిన మేరకు సిట్రిక్ ఆమ్లం లాంటిది కొద్దికొద్దిగా కలిపి తగ్గించండి. అయితే హ్యూమిక్ ఉన్న మందుకు నీటిని పుల్లగా చేయకండి, ఆమ్లం ఎక్కువైతే హ్యూమిక్ విడిపోయి అడుగుకు చేరుతుంది. కైటోసాన్‌ది దీనికి ఎదురు స్వభావం, క్షారపు నీటిలో అదే విరిగిపోతుంది.

నీళ్లు కఠిన జలమా కాదా తెలుసుకోవడానికి సబ్బు చాలు. సీసాలో సగం నీళ్లు పోసి, సబ్బు చిన్న ముక్క వేసి గట్టిగా ఊపండి. నురుగు రాకుండా తెల్లటి తెట్టు కడితే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వీలైతే వాన నీళ్లు కలిపి వాడండి.

3. మీ స్ప్రేయర్ ఎంత పోస్తుందో కొలవండి

దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. "ట్యాంకుకు రెండు మూతలు" అన్నది మోతాదు కాదు, అలవాటు.

పొలంలో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కొలిచి కర్రలు పాతండి. అది 100 చదరపు మీటర్లు. ట్యాంకులో గుర్తు వరకు మామూలు నీళ్లు పోసి, మీరు రోజూ నడిచే వేగంతోనే ఆ గడిలో కొట్టండి. కొలుస్తున్నామని జాగ్రత్తగా నడిస్తే లెక్క తప్పుతుంది. తర్వాత ట్యాంకును మళ్లీ అదే గుర్తు వరకు నింపడానికి ఎన్ని నీళ్లు పట్టాయో చూడండి.

4.5 లీటర్లు పట్టాయనుకుందాం. ఎకరం అంటే దాదాపు 4047 చదరపు మీటర్లు. 4.5 ను 40.47 తో గుణిస్తే ఎకరానికి సుమారు 182 లీటర్లు. మీది 16 లీటర్ల ట్యాంకు అయితే ఎకరానికి 11.4 ట్యాంకులు. లేబుల్ మీద "ఎకరానికి 500 మి.లీ." అని ఉంటే, 500 ను 11.4 తో భాగించండి. ట్యాంకుకు 44 మి.లీ.

లేబుల్ మీద "లీటరుకు 2 మి.లీ." అని ఉంటే ట్యాంకుకు 32 మి.లీ., ఎకరానికి 364 మి.లీ. అవుతుంది. కొన్ని లేబుళ్ల మీద రెండు లెక్కలూ ఉంటాయి, అవి కలవవు కూడా. అప్పుడు తక్కువ వచ్చినదాన్నే తీసుకోండి. బయోస్టిమ్యులెంట్లలో ఎక్కువ వేస్తే ఎక్కువ ఫలితం అన్న సూత్రం చెల్లదు. మోతాదు మించితే కొన్నిసార్లు ఎదుగుదల ఆగుతుంది, కొన్నిసార్లు ఆకు విపరీతంగా పెరిగి కాయ తగ్గుతుంది.

మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఒక కొలత, గుబురుగా పెరిగాక మరో కొలత వస్తుంది. రెండో స్ప్రేకు ముందు మళ్లీ కొలవండి.

4. సీసాలో కలిపి చూడండి

లీటరు సీసాలో మీరు వాడబోయే నీళ్లే పోసి, ట్యాంకులో ఏ నిష్పత్తిలో కలుపుతారో అదే నిష్పత్తిలో మందు వేసి ఊపండి. అరగంట ఆగి చూడండి, రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి. అడుగున మడ్డి, పైన తెట్టు, మధ్యలో పలుకులు కనిపిస్తే ట్యాంకులో కలపొద్దు. సీసా వేడెక్కినా కలపొద్దు.

ఈ పరీక్ష ఎగ్గొట్టి నేను ఒకసారి హ్యూమిక్ ద్రావణంలో కాల్షియం నైట్రేట్ కలిపాను. ఐదు నిమిషాల్లో విరిగిన పాలలా అయింది, కాకపోతే నల్లగా. నాజిల్ మూసుకుపోయింది, వడపోత జల్లెడ మూసుకుపోయింది, గొట్టంలో పేరుకున్నది తీయడానికి పూట పట్టింది. పంటకు ఏమీ కాలేదు, ఎందుకంటే పంట దాకా ఏమీ చేరలేదు.

5. పది మొక్కల మీద ముందుగా కొట్టండి

పొలం మూలన పది మొక్కలు ఎంచుకుని అనుకున్న మోతాదులోనే కొట్టి 48 గంటలు ఆగండి. ఆకు అంచులు మాడటం, లేత ఆకు ముడుచుకోవడం, గోధుమ చుక్కలు రావడం ఉంటే మోతాదు సగం చేసి మళ్లీ చూడండి. రెండు రోజులు పోతాయని టెన్షన్ వద్దు, అందుకే మొగ్గలు కనిపించడానికి వారం ముందే ఈ పని పెట్టుకోమంటున్నాను.

6. కొట్టని వరుసలు వదలండి

మనసు ఒప్పుకోదు, తెలుసు. అయినా వదలండి. పొలమంతా కొట్టేస్తే ఈ ఏడు దిగుబడి పెరిగింది వానల వల్లో, విత్తనం వల్లో, మందు వల్లో ఎవరూ చెప్పలేరు.

నాలుగు జతలు చేయండి. ఒక్కో జతలో పక్కపక్కన రెండు పట్టీలు, ఒక్కోదానిలో నాలుగేసి వరుసలు. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో వట్టి నీళ్లు. అవును, నీళ్లు కూడా అదే స్ప్రేయర్‌తో, అదే పరిమాణంలో, ముందుగా కొట్టాలి. ఎండ రోజుల్లో ఆకు మీద నీళ్లు పడటమే మొక్కకు కాస్త ఊరట. ఆ ఊరటను మందు ఖాతాలో వేయకూడదు. ఏ పట్టీకి మందో నాణెం ఎగరేసి తేల్చండి. లేకపోతే తెలియకుండానే బాగున్నదాన్ని మందుకు కేటాయిస్తాం. గట్టు పక్క వరుసలు, నీళ్లు నిలిచే చోటు వదిలేయండి. కర్రలకు రంగు పీలికలు కట్టి, పుస్తకంలో పటం గీసుకోండి. కర్రలు పోతాయి, పటం పోదు.

7. కలపడం

ట్యాంకులో సగం నీళ్లు పోసి, కొలిచిన మందు పోసి, కలిపి, మిగతా సగం నింపండి. పొడి అయితే ముందు చిన్న బకెట్‌లో కరిగించి గుడ్డలో వడకట్టండి. కలిపినదాన్ని అదే పూట వాడేయండి. అమైనో ఆమ్లాలు, నాచు సారం కలిపిన నీళ్లు రాత్రంతా ఉంటే పులిసి వాసన వస్తాయి.

రాగి మందులతో అమైనో ఆమ్లాలను కలపకండి. అమైనో ఆమ్లాలు రాగిని ఆకులోకి మోసుకుపోతాయి, ఆకు మాడుతుంది. నూనె మందులు, గంధకం కూడా వేరుగానే కొట్టాలి, లేబుల్ చెప్పినంత ఎడం ఇవ్వాలి. తుప్పు తెగులు మందు, ఈ మందు ఒకేసారి కొడితే కూలి కలిసొస్తుందని ఆశ ఉంటుంది. లేబుల్ అనుమతిస్తే, సీసా పరీక్షలో నెగ్గితే సరే. మొదటి ఏడు మాత్రం విడిగానే కొట్టి చూడండి.

8. కొట్టడం

మధ్యాహ్నం ఒంటిగంటకు బీన్స్ చేనులో నిలబడి ఆకులను చూడండి. ఎండ మండుతున్నప్పుడు, నీళ్లు చాలనప్పుడు మూడాకులూ పైకి లేచి నిలువుగా నిలబడతాయి, ఎండకు అంచును మాత్రమే చూపిస్తాయి. చీకటి పడ్డాక చూస్తే అవే ఆకులు కిందికి వాలిపోయి నిద్రపోతున్నట్టు ఉంటాయి. రెండు సమయాల్లోనూ తుంపర ఆకుకు సరిగా తగలదు. ఆకు చదునుగా, అరచేయి చాపినట్టు ఉండేది ఉదయం, మళ్లీ సాయంత్రం. స్ప్రేకు అదే టైమ్.

ఉదయమైతే మంచు ఆరుతున్నప్పుడు. మంచు బాగా ఉండగా చేనులోకి దిగకండి. తడి ఆకుల మధ్య తిరిగితే బాక్టీరియా మచ్చ తెగులును బట్టలతో, చేతులతో ఒక మొక్క నుంచి మరో మొక్కకు మనమే అంటిస్తాం. సాయంత్రమైతే చీకటి పడేలోపు ఆకు ఆరడానికి గంటన్నర, రెండు గంటలు మిగిలేలా చూసుకోండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తుప్పు తెగులును పిలిచినట్టే.

మిగతా షరతులు: వేడి 28 డిగ్రీల లోపు ఉండాలి, గాలి ఆకులను మెల్లగా కదిలించేంతే ఉండాలి, తర్వాత కనీసం నాలుగైదు గంటలు వాన రాకూడదు. ముందురోజు నీళ్లు పెట్టి ఉంటే మరీ మంచిది. వాడిపోయిన మొక్క మీద ఎట్టి పరిస్థితిలోనూ కొట్టకండి.

నాజిల్‌ను ఆకులకు జానెడు, జానెడున్నర దూరంలో పట్టి, కొంచెం కింది నుంచి పైకి కూడా తిప్పండి. ఆకు అడుగు భాగానికి కూడా తగలాలి. ఆకు తడిసి మెరవాలి, కొసల నుంచి చుక్కలు కారకూడదు. కారుతున్నాయంటే మీరు నేలకు మందు పోస్తున్నారు. బఠాణీ ఆకులా బీన్స్ ఆకు మీద మందమైన మైనం పొర ఉండదు, నీటి చుక్క సులువుగానే పరుచుకుంటుంది. కాబట్టి జిగురు మందు చాలావరకు అనవసరం. లేబుల్ అడిగితేనే వేయండి, అదీ తక్కువ మోతాదులో.

పూలు విచ్చుకుని ఉంటే సాయంత్రమే కొట్టండి. మామూలు బీన్స్‌లో పువ్వు విచ్చుకునే వేళకే స్వపరాగ సంపర్కం చాలావరకు అయిపోతుంది, కానీ తేనెటీగలు వస్తూనే ఉంటాయి. బాకలా (ఫాబా బీన్) లాంటి వేరే జాతులకైతే వాటి అవసరమే ఉంది. ఆ సమయంలో పురుగుమందు కలపొద్దు.

9. కొట్టాక

ట్యాంకును, గొట్టాన్ని, నాజిల్‌ను మూడుసార్లు మంచి నీళ్లతో కడగండి. నాచు సారం ఎండితే జిగురులా పట్టేస్తుంది. సీసా మూత బిగించి నీడలో పెట్టండి. తర్వాతి స్ప్రేకు కనీసం పది పదిహేను రోజుల ఎడం ఉండనివ్వండి. వాన పడి మందు కొట్టుకుపోయిందనిపిస్తే వెంటనే మళ్లీ కొట్టకండి. నాలుగైదు గంటలు గడిచి ఉంటే అందాల్సింది చాలావరకు అందినట్టే. గంటలోపే కుండపోత కురిస్తే రెండు మూడు రోజులాగి, మొగ్గ దశ ఇంకా దాటకపోతే మరోసారి కొట్టవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది రంగు చూసి మురిసిపోవడం. మూడో రోజుకే ఆకు నల్లటి పచ్చగా మారితే "పట్టేసింది" అనుకుంటారు. అందులో ఉన్న కాస్త నత్రజని, ఇనుము, మెగ్నీషియం వల్ల కూడా రంగు మారుతుంది. రంగు కాయ కాదు. ఆకు దట్టంగా, కాడలు పొడవుగా పెరిగి, మొగ్గ ఆలస్యమవుతుంటే అది మంచి సూచన కాదు. నత్రజని ఎక్కువైనట్టు.

బోరాన్ కలిపిన "పూత మందు"ను పక్క పంటకు కొట్టిన మోతాదులోనే బీన్స్‌కు కొట్టడం ఇంకోటి. బోరాన్ ఎక్కువైతే బీన్స్ తట్టుకోలేదు. ముదురు ఆకుల అంచులు పసుపు తిరిగి మాడతాయి. లేబుల్ మీద బోరాన్ పేరు కనిపిస్తే బీన్స్ మోతాదు విడిగా ఉందో లేదో చూడండి, లేకపోతే వదిలేయండి.

పక్కవాళ్ల పొలంతో పోల్చుకోవడం కూడా ఉంది. వాళ్ల విత్తనం వేరు, విత్తిన రోజు వేరు, నేల వేరు. మీ పొలంలోని నీళ్ల పట్టీతోనే పోల్చండి.

ఫలితం ఎలా చూడాలి

మూడు సార్లు చూడాలి.

స్ప్రే చేసిన 48 గంటలకు: మాడిన గుర్తులు ఉన్నాయా అని మాత్రమే.

పూత మొదలైన పది పన్నెండు రోజులకు: ఒక్కో పట్టీలో వరుసగా కాకుండా అక్కడక్కడా పది మొక్కలు తీసుకుని, రెండు సెంటీమీటర్లు దాటిన పిందెలను లెక్కపెట్టండి. పూలు లెక్కపెట్టకండి, ఉపయోగం లేదు.

కోత సమయంలో: పచ్చికాయ పంటైతే ప్రతి కోతనూ పట్టీల వారీగా తూచి రాయండి. గింజ పంటైతే చదరపు మీటరుకు మొక్కలు, మొక్కకు కాయలు, కాయకు గింజలు, 100 గింజల బరువు రాయండి. చదరపు మీటరుకు 20 మొక్కలు, మొక్కకు 10 కాయలు, కాయకు 4 గింజలు, 100 గింజలు 25 గ్రాములు అనుకుంటే, 20 × 10 × 4 × 0.25 = 200 గ్రాములు. ఎకరానికి దాదాపు 809 కిలోలు. మొక్కకు ఒక్క కాయ పెరిగి 11 అయితే, మిగతావి మారకపోతే, ఎకరానికి 81 కిలోలు ఎక్కువ. "ఒక్క కాయేనా" అనుకోకండి, పది శాతం పెరిగినట్టు.

కానీ ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గడం బీన్స్‌కు అలవాటు. కాయలు పెరిగితే గింజ సన్నబడవచ్చు. అందుకే నాలుగూ కొలవాలి, చివరికి బరువునే నమ్మాలి.

జతల వారీగా ఎలా చదవాలో చూపించడానికి ఊహించిన అంకెలు ఇవి. మొక్కకు కాయలు:

మొదటి జత: నీళ్లు 9.2, మందు 11.4
రెండో జత: నీళ్లు 10.9, మందు 10.6
మూడో జత: నీళ్లు 10.1, మందు 11.2
నాలుగో జత: నీళ్లు 9.8, మందు 10.8

సగటున నీళ్లకు 10, మందుకు 11. సగటు మాత్రమే చూస్తే సంబరం. నిలువుగా చూడండి. నీళ్ల పట్టీల్లోనే 9.2 నుంచి 10.9 వరకు తేడా ఉంది, అంటే పొలమే ఎగుడుదిగుడుగా ఉంది. నాలుగు జతల్లో మూడు పెరిగాయి, ఒకటి కాస్త తగ్గింది. దీన్ని నేను "ఆశ ఉంది, మరో పంటకు మళ్లీ చూడాలి" అని చదువుతాను. నాలుగుకు నాలుగూ పెరిగితే నమ్మకం ఎక్కువ. రెండు పెరిగి రెండు తగ్గితే సగటు ఎంతున్నా తేడా లేనట్టే లెక్క.

పెరిగినా, ఖర్చు తీరిందా అన్నది వేరే ప్రశ్న. మందు ఖర్చు, కొట్టిన కూలి కలిపి, దాన్ని మీరు అమ్మిన కిలో ధరతో భాగించండి. వచ్చిన అంకె, ఖర్చు తీరడానికి ఎకరానికి కనీసం ఎన్ని కిలోలు పెరగాలో చెబుతుంది. మీ పట్టీల్లో పెరిగినది దానికి రెండింతలు లేకపోతే పొలమంతా కొట్టడానికి నేనైతే తొందరపడను.

తేడా ఏమీ రాకపోతే? నీళ్లు, ఎండ అన్నీ అనుకూలించిన ఏడు అలా జరగడం మామూలే. మొక్కకు ఇబ్బంది లేనప్పుడు తోడు అక్కర్లేదు. కొట్టిన రోజు మొగ్గ ఏ దశలో ఉందో, తర్వాతి పది రోజుల్లో వేడి ఎంత ఉందో పుస్తకంలో రాసి ఉంటే కారణం అక్కడే దొరుకుతుంది. రెండు పంటలు సరైన దశలో, సరైన మోతాదులో కొట్టినా పట్టీల్లో తేడా కనిపించకపోతే ఆ మందు మానేయండి. ఆ డబ్బు భూసార పరీక్షకో, మంచి రైజోబియం (వేళ్ల బుడిపెల్లో నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా) కల్చర్‌కో పెట్టండి.